పిల్లలకి మొదటి సర్ఫ్‌బోర్డు

వేసవి వస్తే చాలు, బే ఏరియాలోని మనవాళ్ళు పిల్లల్ని వేసుకుని హైవే 17 మీదుగా శాంటా క్రూజ్ చేరతారు. కౌవెల్ బీచ్‌లో అలలు మెత్తగా వస్తాయి, నేర్చుకునేవాళ్ళకి అనువు.

చిక్కల్లా బోర్డు కొనేప్పుడే. "ఎదిగే పిల్లాడు కదా" అని చొక్కా కొన్నట్టు మరీ పెద్దది కొనేవాళ్ళు కొందరు, పోటీల్లో చూసిన పొట్టి ఫైబర్‌గ్లాస్ బోర్డుకి మోజుపడేవాళ్ళు కొందరు. నా ఓటు మాత్రం ఫోమ్ బోర్డుకే. పిల్లాడి ఎత్తు కంటే ఓ అడుగు, అడుగున్నర పొడవుండాలి, వాడే మోసుకోగలగాలి. కింద మెత్తటి ఫిన్లు, కాలికి లీష్ తప్పనిసరి.

పొట్టిది సరిగా తేలదు, నిలబడనివ్వదు. గట్టిది తిరిగొచ్చి మూతి పగలగొడుతుంది. మొదటిరోజే దెబ్బ తగిలితే సముద్రమంటేనే భయం పట్టుకుంటుంది. ఆ భయం పోగొట్టే బోర్డు ఏ షాపులోనూ దొరకదండీ!

మిగిలిన డబ్బుతో వెట్‌సూట్ కొనండి. అక్కడి నీళ్ళు జూలైలో కూడా వణికిస్తాయి.