కనిపెట్టుకుని ఉండు

పొయ్యి మీద పాలు పెట్టి “కాస్త కనిపెట్టుకుని ఉండరా” అంటుంది అమ్మ. కొత్త యంత్రం చేసినవాళ్లనీ “కనిపెట్టారు” అనే అంటాం. ఈ రెండూ కలిసిన మనిషి నాకు తెలిసి ఆలేరు చింతకింది మల్లేశం గారు. చీర నేసే ముందు ఆసు పోయాలంటే కొసనున్న మేకుకూ, ఎదురుగా అర్ధచంద్రంలా బిగించిన మేకులకూ మధ్య దారాన్ని అటూ ఇటూ వేలసార్లు తిప్పాలి. ఆ పని చేసే తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి ఏళ్ల తరబడి చూసి చూసి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి పేరూ అమ్మదే. 2017లో పద్మశ్రీ వచ్చింది. బడి చదువేమో మధ్యలోనే ఆగిపోయింది.

అన్నట్టు, బడి ఎగ్గొట్టడానికి మావాడు రోజుకో కొత్తరకం కడుపునొప్పి కనిపెడుతున్నాడు. దాన్నీ కనిపెట్టడమే అనాలా, పన్నాగం పన్నడం అనాలా?