వినే మనిషి కావాలి

మోకాళ్ళ నొప్పులకి ఎవరి దగ్గరికి వెళ్ళాలో మా నల్లజర్లలో ఎవర్నడిగినా చెబుతారు. పిల్లలకి దగ్గొస్తే తాడేపల్లిగూడెం, కళ్ళకైతే ఏలూరు, కాస్త పెద్ద జబ్బయితే విజయవాడ. అదే "మనసు బాగోలేదండీ, ఎవరితోనైనా మాట్లాడాలనుంది" అని అనండి చూద్దాం! అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తర్వాత ఎవరో ఒకావిడ గొంతు తగ్గించి "విశాఖపట్నం తీసుకెళ్తారా ఏంటి?" అని అడుగుతుంది. మామూలప్పుడు విశాఖపట్నం అంటే సముద్రం. ఇలాంటప్పుడు మాత్రం అందరికీ అక్కడి మానసిక ఆసుపత్రే గుర్తొస్తుంది!

మా మెట్ట ఊళ్ళనుంచి విదేశాలకి రెండు దారులున్నాయి. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు అమెరికా వెళ్తారు. వాళ్ళ ఫొటోలు పెళ్ళిళ్ళలో అందరికీ చూపించుకుంటాం. రెండోది కువైట్, మస్కట్, దుబాయ్ దారి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళది. వాళ్ళు పంపిన డబ్బుతో కట్టిన డాబా చూపిస్తాం గానీ, కట్టించిన మనిషి గురించి ఎందుకో ఎక్కువ మాట్లాడం.

మా తోడికోడలు 2017లో కువైట్ వెళ్ళింది. ఆ దేశాలకి ఇంటిపనికి వెళ్ళాలంటే ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం రూలు. తనకి అప్పటికి ముప్పై ఒకటి. బాబుకి నాలుగు. అక్కడ 2015లోనే ఇంటిపనివాళ్ళకి చట్టం వచ్చిందట... రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి అని. ఆ సంగతి తనకి తెలిసింది మాత్రం ఇక్కడికి తిరిగొచ్చాకే! 2020లో కరోనాకి విమానాలు ఆగిపోయిన రోజుల్లో వాళ్ళ నాన్న పోయారు. తండ్రి ఆఖరి చూపు ఫోన్లో చూసి, మళ్ళీ వెళ్ళి అంట్లు తోముకుంది.

2023లో వచ్చేసింది. ఊరంతా వచ్చి చూసింది. ఖర్జూరాలు పంచాం. అంతా బాగానే ఉందనుకున్నాం.

వారం తిరక్కుండానే తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో చప్పుడు మొదలైంది. వెళ్ళి చూస్తే, రాత్రి తోమి బోర్లించిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడి లేచి నిలబడేది. ఇంటికెవరైనా వస్తే కుర్చీలో కూర్చోదు, గుమ్మం పక్కన నిలబడుతుంది. ఏమడిగినా "సరే అక్కా" అంటుంది. ఏడవదు. ఏడ్చినా బాగుండేది! పదేళ్ళ కొడుకు నాయనమ్మ పక్కనే పడుకుంటాడు, తల్లి పిలిస్తే సిగ్గుపడి తలుపు వెనక్కి పోతాడు.

మా మరిది చెడ్డవాడు కాదు. ఎకరంన్నర నిమ్మతోట ఉంది, కష్టపడతాడు. అతని బాధ అతనిది. "వదినా, నేనేదో పరాయివాణ్ణయినట్టు మాట్లాడుతోంది" అన్నాడోసారి. ఒకరోజు తను ఉన్నట్టుండి "నేను పంపింది మొత్తం ఎంత? మిగిలింది ఎంత?" అని అడిగింది. అంతే, "నన్ను దొంగనంటావా!" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ తర్వాత పదిహేను రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మా అత్తగారు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. నేను వద్దనలేదు, దానివల్ల నష్టమేముంది? ఆర్.ఎం.పి. వచ్చి నీరసం అని సెలైన్ ఎక్కించాడు. తర్వాత పట్నంలో ఒక డాక్టరుగారికి చూపించాం. మూడు నిమిషాల్లో నిద్రమాత్ర రాసి, "ఎక్కువ ఆలోచించకమ్మా" అన్నారు. ఆలోచించకుండా ఉండడం చేతనైతే అంతదూరం ఎందుకొస్తాం చెప్పండి?

చివరికి 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అంటారు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పైసా ఖర్చులేదు, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతల ఒకమ్మాయి ఓపిగ్గా అంతా విని, ఫోన్ తోడికోడలికి ఇమ్మంది. నేను బయటికొచ్చేశాను. చచ్చిపోవాలనే ఆలోచనలేమైనా వస్తున్నాయా అని సూటిగానే అడిగిందట. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనం భయపడతాం గానీ, అది నిజం కాదు. అడిగేవాళ్ళుంటే మనిషికి గుండె తేలికవుతుంది. "ఇన్నాళ్ళకి ఒకరు అడిగారక్కా" అంది తను.

ముందు సైకియాట్రిస్టుకి చూపించి, ఆ తర్వాత కౌన్సెలింగ్‌కి వెళ్ళమని చెప్పారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక మాకు జిల్లా కేంద్రం రాజమహేంద్రవరం అయింది గానీ, మా కాళ్ళకి అలవాటైన దారి ఏలూరే. బస్సెక్కి అక్కడికే వెళ్ళాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సైకియాట్రిస్టంటే ఎం.బి.బి.ఎస్. మీద ఆ శాఖలో చదివిన డాక్టరు, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, మాటలతోనే వైద్యం చేస్తారు. వాళ్ళకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి. బంగారం కొన్నప్పుడు హాల్‌మార్క్ చూస్తామా లేదా? బోర్డు మీద 'కౌన్సెలర్' అని రాసుకున్న ప్రతివాళ్ళకీ ఆ చదువు ఉండదు. ఫీజెంత, ఎన్నాళ్ళకోసారి రావాలి, భార్యాభర్తలిద్దర్నీ చూస్తారా, తెలుగులో మాట్లాడతారా... ఇవన్నీ ముందే ఫోన్లో అడిగేస్తే బస్సు ఛార్జీలు మిగులుతాయి. ప్రైవేటు ఫీజు మోయలేకపోతే ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగానికి వెళ్ళి, అక్కడ సైకాలజిస్టు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి.

మాకు దొరికినావిడ నలభై దాటినావిడ, నూలుచీర, నెమ్మదైన గొంతు. ఆవిడ చేసేదాన్ని 'సపోర్టివ్ సైకోథెరపీ' అంటారట. చిన్నప్పటి సంగతులన్నీ తవ్విపోయరు. ఇప్పుడు మీద పడ్డ బరువేమిటి, దాన్ని మోయడానికి ఈ మనిషికి ఉన్న బలమేమిటి, ఏది పట్టుకుంటే నిలబడగలదు, అదీ వాళ్ళు చూసేది. వారానికోసారి, అదే రోజు, అదే టైము, ముప్పావుగంట. రాత్రి మెలకువొస్తే వంటింట్లోకి వెళ్ళకుండా ఏం చెయ్యాలి, కుర్చీలో కూర్చోవడం ఏ రోజు మొదలుపెట్టాలి... ఇలాంటి చిన్నచిన్న పనులే పెట్టేవారు. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చెయ్యడం మాత్రం మామూలు సంగతి కాదు!

ఇదే ముక్క ఎప్పుడో 1964లో డాక్టర్ ఎన్.సి. సూర్య, డాక్టర్ జయరాం కలిసి ఒక వ్యాసంలో రాశారు. మన దేశంలో రోగులు మనసు లోతుల విశ్లేషణకన్నా, ఎదుట ఉన్న కష్టంలో నేరుగా ఆసరా కోరుకుంటారనీ, డాక్టర్లో ఇంటి పెద్దనే వెతుక్కుంటారనీ. బెంగుళూరులో ఇప్పటి నిమ్‌హాన్స్‌కి ముందున్న సంస్థని నడిపించినాయన సూర్యగారు. మరి పెద్దలు మనింట్లోనే ఉన్నారు కదా అంటారేమో! ఉన్నారు, నేనూ ఉన్నాను. కానీ నాకు చెప్పింది మా అత్తగారికి తెలుస్తుందేమోనని తనకి భయం. నేను మా మరిది పక్షమేమోనని అనుమానం. ఆ గదిలో చెప్పింది గదిలోనే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఆ గోప్యత రోగి హక్కు అని రాశారు కూడా. బంధువు కాని మనిషికి ఉన్న సుఖం అది.

ఆరోవారం మా మరిదిని రమ్మన్నారు. "నాకేం జబ్బు?" అన్నాడు. "జబ్బని కాదయ్యా, లెక్క చెప్పుకోడానికి" అన్నాను. నోటుపుస్తకం పట్టుకెళ్ళాడు పాపం! ఆవిడ పుస్తకం తెరవనివ్వలేదట. ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి, రెండోవాళ్ళు అడ్డం రాకుండా విని, విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాలి, సరిగ్గా చెప్పేవరకూ జవాబివ్వకూడదు. లెక్క ఎందుకడిగిందో అప్పుడు తెలిసింది. డబ్బు కోసం కాదు. "ఆరేళ్ళు ఎక్కడికి పోయాయో చూసుకుందామని" అందట. అతను కూడా చెప్పాడట... బాబుకి డెంగ్యూ వచ్చి రక్తకణాలు పడిపోయిన వారం, తను అక్కడ కంగారు పడుతుందని ఎవరికీ చెప్పనివ్వలేదని. ఆ రోజు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని వచ్చారు. నేను వెనక సీట్లో.

ఇదంతా మా అక్కకి ఫోన్లో చెబుతుంటే తను ఏడ్చేసింది. వాళ్ళమ్మాయి పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళి ఎనిమిది నెలలు. హెచ్-4 వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. అల్లుడు మంచివాడే, పొద్దున పోతే రాత్రికొస్తాడు. "గోడలతో మాట్లాడుతున్నా పిన్నీ" అంది నాతో. అమెరికాలో థెరపిస్టుకి మనం ఉంటున్న రాష్ట్రం లైసెన్సు ఉండాలి, అది ముందు చూసుకోవాలి. అక్కడి ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ఆదాయాన్నిబట్టి ఫీజు తగ్గిస్తారు, అడిగితే తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఇంట్లో హింస ఉంటే న్యూజెర్సీలో 1985 నుంచీ ఉన్న 'మానవి', కాలిఫోర్నియాలో 1991 నుంచీ ఉన్న 'మైత్రి' మన దేశపు ఆడవాళ్ళ కష్టం తెలిసినవి. ప్రాణం మీదికొచ్చిన వేళ 2022 నుంచీ 988 నంబరు ఉంది. మా అక్క కూతురు తెలుగు తెలిసిన థెరపిస్టు కోసం నెల్లాళ్ళు వెతికింది. దొరికింది, వీడియోలో మాట్లాడుతుంది. ఇంగ్లీషులోనూ బాగానే మాట్లాడగలదు గానీ, "దిగులు" అన్నమాటకి సరైన ఇంగ్లీషు ముక్క తనకి దొరకలేదట. మీకు దొరికిందా?

మా తోడికోడలికి ఇంకా పూర్తిగా నయమైందని చెప్పను. కొన్ని రాత్రులు ఇప్పటికీ మెలకువొస్తుంది. ఇప్పుడు నెలకోసారి వెళ్తోంది, ఒక్కతే. బాబు వాళ్ళమ్మ పక్కన పడుకుంటున్నాడు, లెక్కల హోంవర్కు మాత్రం నా దగ్గరికే తెస్తాడు. మొన్న వెళ్ళేటప్పుడు ఆవిడకని తోటలో నిమ్మకాయలు సంచీడు కోసి పట్టుకెళ్ళింది. ఆవిడ నవ్వి, "ఫీజు కాకుండా ఇంకేమీ తీసుకోకూడదమ్మా, మా పద్ధతి" అని వెనక్కి ఇచ్చేశారట. సాయంత్రం సంచీ తెచ్చి వంటింట్లో దింపి, "ఊరగాయ పెడదామా అక్కా? నేను ముక్కలు కోస్తా, నువ్వు కూర్చో" అని పీట వాల్చింది.