మూడు ఊళ్ళు, మూడు దోమలు

జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కట్టిన కోట ఒకటి ఉన్నది. రాతి గోడలు, చుట్టూ కందకం, బురుజుల మీద పాత ఫిరంగులు. దాన్ని 1747లో కట్టారనీ, కట్టినవారిలో ఫ్రెంచి ఇంజనీర్లు కూడా ఉన్నారనీ చెబుతారు. పై ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆ కోట చూసిపోతారు. పోయిన వానాకాలం నేనూ, నా మనమడూ కూడా వెళ్ళాము. కాని కోటలో ఉన్నది కొద్దిసేపే. తిరిగి వస్తూ మా వీధి మోరీ దగ్గర చాలాసేపు నిలబడ్డాము. మోరీలో చూడవలసింది ఏమున్నదని అడుగుతారేమో! దోమ పిల్లలున్నవి. మేము వాటికోసమే బయలుదేరాము.

దీనికి కారణం చెప్పాలి. అంతకు రెండు నెలల కింద మేము హైదరాబాదు వెళ్ళి, బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఉన్న ఒక పాత బంగళా చూశాము. రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. ఆ రోజు 1897 ఆగస్టు 20. అందుకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఇదంతా నేను బడిపంతులు ధోరణిలో చెప్పుకుపోతూంటే మావాడు మధ్యలో ఆపి, "ఏ దోమ తాతా?" అన్నాడు.

"ఏ దోమేమిటిరా? దోమంటే దోమే," అన్నాను.

అది తప్పు. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద ఒకే దోమ బొమ్మ వేసి, దానికి అన్ని రోగాలూ అంటగట్టిన వాణ్ణి నేను. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, రాస్ రెండేళ్ళపాటు పడిన కష్టమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని! ఆయన తన దోమలను రంగుల్నిబట్టి మూడు రకాలుగా విడదీశాడు: బూడిదరంగువి, చారలవి, రెక్కల మీద మచ్చలున్నవి. "మూడూ మన దిక్కు దొరుకుతాయా?" అన్నాడు మనమడు. వెతికి చూద్దామన్నాను. మూడు గాజు సీసాలు, ఒక గరిటె, ఒక భూతద్దం, సీసాల మూతికి కట్టటానికి పల్చటి బట్ట. ఇదీ మా సరంజామా.

మా వీధి మోరీలో బూడిదరంగు దోమ సులువుగానే దొరికింది. దీని పేరు క్యూలెక్స్. ఇది మురికినీళ్ళ మీద వందకు పైగా గుడ్లను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, చిన్న తెప్పలాగా అతికిస్తుంది. ఆ తెప్ప బియ్యపుగింజంత కూడా ఉండదు, నీళ్ళలో మునగదు. గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు తలకిందులుగా వేలాడుతవి. వాటి తోక దగ్గర ఒక గొట్టం ఉన్నది. దాన్ని నీటి పైకి పెట్టి గాలి పీల్చుకుంటవి. మీ చెయ్యి నీడ వాటి మీద పడనివ్వండి, అన్నీ ఒక్కసారిగా అడుక్కు పోతవి. కొంతసేపటికి ఒకటొకటే పైకి వస్తుంది. మళ్ళీ నీడ వెయ్యండి. మావాడు ఇలా ఇరవైసార్లు వేశాడు. చివరికి కొన్ని దిగటం మానేసినట్టు వాడికి అనిపించింది. "ఇవి నా నీడకు అలవాటు పడ్డయి," అన్నాడు. నిజంగా అలవాటో, అలసటో తెలుసుకోవటం ఎలాగో నువ్వే ఆలోచించమన్నాను.

ఈ దోమకూ మా ఇంటికీ పాత వైరం ఉన్నది. మా అక్కకు పెళ్ళయిన నాలుగేళ్ళకు ఎడమ కాలు వాచటం మొదలుపెట్టింది. జ్వరం వచ్చేది, తగ్గేది. వాపు మటుకు ఉండిపోయేది. బోదకాలు! ఆ బావి నీళ్ళు పడలేదని ఒకరు, ఏదో తొక్కిందని ఒకరు అన్నారు. మా పాత కరీంనగర్ జిల్లాలో అటువంటి కాలు ఇంటికొకటి కాకపోయినా వీధికొకటి కనపడేది. అక్క నలుగురిలోకి రావటం మానేసింది. పెళ్ళిళ్ళకు కూడా గదిలోనే కూచునేది.

బోదకాలు తెచ్చేది నూలుపోగువంటి ఒక పురుగు. చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు, 1877లో ఆ పురుగు పిల్లలు దోమలో పెరగటం చూశాడు. తరవాత ఇంకో వింత బయటపడింది. ఆ పిల్లలు పగలు రక్తంలో దాదాపు కనపడవు. చీకటి పడ్డాక వస్తవి, అర్ధరాత్రికి కిక్కిరుస్తవి, తెల్లవారేసరికి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి దాక్కుంటవి. క్యూలెక్స్ కుట్టేది కూడా రాత్రిపూటే. మా పక్క వీధులకు ఆరోగ్యశాఖవాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక వేలి నుంచి రక్తపుచుక్క తీసుకోవటానికి వస్తే, "పగలు రావడానికేమయింది వీళ్ళకు?" అని విసుక్కున్నవాళ్ళున్నారు. పగలు వస్తే పురుగు ఇంట్లో ఉండదు మరి!

మాన్సన్ కూడా ఒకచోట పొరపాటుపడ్డాడు. దోమ నీళ్ళలో పడి చస్తుందనీ, ఆ నీళ్ళు తాగినవారికి పురుగు వస్తుందనీ అనుకున్నాడు. అంటే మా బావిని తప్పుపట్టినవారికి గొప్పవాళ్ళ తోడు కూడా ఉన్నది! పురుగు దోమ ముట్టె గుండానే మనిషిలోకి వస్తుందని తేలటానికి 1900 దాకా పట్టింది.

జగిత్యాల నుంచి సిరిసిల్లకు బస్సులో వెళ్ళాము. దారిలో వేములవాడ. ఆ రోజు కోడె మొక్కులవాళ్ళతో బస్సు ఆగి ఆగి నడిచింది. సిరిసిల్లలో దిగితే ముందు చెవులకు తెలుస్తుంది, ఊరు వచ్చిందని. సాంచాల చప్పుడు! మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. మా అమ్మాయి ఇల్లు ఆ వీధుల్లోనే. ఎండాకాలం వాడి మూలకు నెట్టిన కూలర్ అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిచి ఉన్నవి. "వారం కింద పారబోసిన బాపూ. మొన్న వాన జల్లు పడి మళ్ళీ నిండింది," అన్నది అమ్మాయి. చూస్తే నిండా పిల్లలు!

అవి చారల దోమ పిల్లలు. దీన్ని ఈడిస్ అంటారు. డెంగీ తెచ్చేది ఇదే. నల్లటి ఒళ్ళు, కాళ్ళకు తెల్లటి కట్లు. మంచినీళ్ళే కావాలి దీనికి. పగలే కుడుతుంది. ఇది గుడ్లను నీళ్ళలో కాక, నీటికి కొంచెం పైన పాత్ర గోడకు అంటిస్తుంది. పాత్ర ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావక కాచుకుని ఉంటవి. నీళ్ళు వాటిదాకా వస్తే చాలు, పిల్లలు బయటపడతవి. పారబోస్తే చాలదు, గోడలు రుద్ది కడగాలని అమ్మాయికి చెప్పాను. ఆమె నాకు చీపురు అందించింది.

అక్కడ ఉన్న రెండు రోజుల్లో మావాడికి ఒక సందేహం వచ్చింది. మగదోమ ఆడదోమను రెక్కల చప్పుడునుబట్టి గుర్తుపడుతుంది గదా, ఇంత సాంచాల చప్పుడులో ఎలా వింటుంది? మంచి ప్రశ్న! మగదోమ తల మీద రెండు ఈకలవంటి మీసాలుంటవి. 1874లో ఆల్‌ఫ్రెడ్ మేయర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక మగదోమను సూక్ష్మదర్శిని కింద కదలకుండా అమర్చి, దగ్గరలో రకరకాల శ్రుతిదండాలు మోగించాడు. కొన్ని శ్రుతులకు మీసాల మీది వెంట్రుకలు గట్టిగా వణికినవి, మిగతావాటికి అంతగా కదల్లేదు. ఆ మీసాలే దోమకు చెవులన్నమాట. అవి ఆడదోమ శ్రుతికే సరిపోయేటట్టు ఉంటవి. మగ్గం పక్కన పనిచేసే మనిషి తన పిల్లవాడి పిలుపు పోల్చుకున్నట్టే అనుకోండి.

ఇక మూడోది. మచ్చల రెక్కల దోమ, అనాఫిలిస్. ఇది సిరిసిల్లలో మాకు కనపడలేదు, జగిత్యాలలోనూ కనపడలేదు. నాకు కొంచెం విసుగు వచ్చిన మాట నిజం. మావాడు మటుకు, "రాస్‌కు రెండేళ్ళు దొరకలేదు గద తాతా," అన్నాడు.

రాస్ 1895లో లండన్ నుంచి సికిందరాబాదుకు వచ్చాడు. మలేరియా క్రిమిని రోగి రక్తంలో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1880లోనే చూశాడు. అది ఒక మనిషి నుంచి ఇంకొకరికి ఎలా పోతుంది? దోమలో చూడమని రాస్‌కు సలహా ఇచ్చింది ఆ మాన్సనే. రాస్ పద్ధతి చాలా తెలివైనది. ఎగిరే దోమను పట్టుకుంటే, అది అంతకుముందు ఎవర్ని కుట్టిందో ఎవరికి తెలుసు? అందుకని ఆయన దోమ పిల్లలను తెప్పించి, సీసాల్లో పెంచి, పుట్టిన దోమను మలేరియా రోగి తెరలోకి వదిలేవాడు. దాని కడుపులో ఏదైనా కనపడితే అది ఆ రోగి రక్తం నుంచి వచ్చిందే అవుతుంది. పద్ధతి మంచిదే, దోమలే వేరు. బూడిదరంగువాటినీ, చారలవాటినీ వందలకొద్దీ కోసి చూశాడు. ఏమీ లేదు. మనిషి మలేరియా వాటిలో పెరగదు. కాని ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

1897 ఆగస్టు నడిమిలో ఆయన మనుషులు ఒక సీసాలో కొత్తరకం పిల్లలను తెచ్చారు. వాటి నుంచి మచ్చల రెక్కల దోమలు పుట్టినవి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని పది దోమలు కుట్టినవి. కుట్టిన దోమకు ఒక అణా లెక్కన అతనికి డబ్బు ముట్టింది. అణా అంటే రూపాయిలో పదహారోవంతు. ఇవాళ ఇటువంటి పరీక్షను ఎవరూ ఇలా చేయనివ్వరు. చేయకూడదు కూడా. అయితే ఆ పది అణాల మనిషి లేకపోతే బేగంపేట బంగళాకు పేరు లేదు.

నాలుగు రోజుల్లో దోమలు ఒకటొకటే చచ్చి, కొన్ని కోతకు పోయి, రెండే మిగిలినవి. ఉక్క పోస్తూన్నది. పంకా ఊపితే కోసిన దోమ ఎగిరిపోతుంది గనుక పంకా లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి, అద్దం పగిలింది. 20వ తేదీన ఒక దోమను కోశాడు. కడుపు గోడ మీద గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు. రోగి రక్తంలోని క్రిమిలో ఉండే రేణువులే! ఇన్ని వందల దోమల్లో ఏనాడూ అటువంటివి చూడలేదు. మర్నాడు చివరి దోమను కోశాడు. కణాలు ఉన్నవి, నిన్నటికంటె పెద్దవయినవి. అంటే అది బతికి ఉన్నది, పెరుగుతున్నది! ఆ రెండో దోమ లేకపోతే మొదటిదాన్ని నమ్మటం కష్టమయ్యేదని నా అభిప్రాయం.

మేము సిరిసిల్ల నుంచి వేములవాడ, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్లకు వెళ్ళాము. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. ఊరి బయట నా పాత శిష్యుడొకడు పశువైద్యుడుగా ఉంటూ, పసుపు చేను కూడా చూసుకుంటున్నాడు. సంగతి చెబితే నవ్వి, చేనికి తీసుకుపోయాడు. బావిలో వెతికాము, లేవు. దోమ పిల్లలను తినే చిన్న చేపలు గంబూసియా దానిలో ఉన్నవట. బావి పక్కన పశువులు తాగే గోలెం ఉన్నది. వాననీళ్ళతో తేటగా ఉన్నది. మావాడు వంగి చూసి, గట్టిగా, "తాతా, పండుకున్నయి!" అని అరిచాడు.

నిజంగానే పడుకున్నట్టున్నవి. గొట్టం లేదు గనుక వేలాడవు. నీటి పొరకు అంటుకుని అడ్డంగా, చీపురుపుల్లల మాదిరి తేలుతున్నవి. భూతద్దంలో చూస్తే వీపు పైకే ఉన్నది, తల మటుకు మెడ దగ్గర పూర్తిగా తిరిగి, నోటితో నీటి పైపొరను ఊడ్చుకుంటున్నది! నా జన్మలో ఆ వింత నేను చూడలేదు.

"మా ఊళ్ళ దిక్కు ఉండే మలేరియా దోమకు మనిషికంటె గొడ్డు రక్తమే ఎక్కువ ఇష్టం సార్," అన్నాడు నా శిష్యుడు. "గొడ్డు దొరకనప్పుడో, మనం పక్కన పడుకున్నప్పుడో మన మీదికి వస్తది."

మూడో సీసా నిండింది. మూతికి బట్ట కట్టి ఇంటికి తెచ్చి, కిటికీలో మూడూ వరసగా పెట్టాము. బట్టమీద వేలు పెట్టవద్దని మనమడికి ఆజ్ఞ. అయిదు రోజులు గడిచేసరికి కామావంటి ప్యూపాలు, ఇంకో రెండు రోజులకు దోమలు వచ్చినవి. క్యూలెక్స్, ఈడిస్ గాజుకు ఒంటిని సమంగా పెట్టి, గూనివాళ్ళ మాదిరి కూచున్నవి. అనాఫిలిస్ తల గాజుకు ఆనించి, తోక పైకెత్తి, ముల్లు గుచ్చినట్టు నిలబడింది. రెక్కల మీద మచ్చలు భూతద్దం లేకుండానే తెలిసినవి. మావాడు నోటుపుస్తకంలో మూడు బొమ్మలు వేశాడు. నేను ముప్పై ఏళ్ళు వేసినదానికంటె బాగున్నవి.

ఆ సాయంత్రం అక్క చూడటానికి వచ్చింది. ఇప్పుడు ఆమెకు డెబ్భై దాటినవి. కాలును రోజూ సబ్బుతో కడిగి, తుడిచి, ఎత్తుమీద పెట్టుకుంటుంది కాబట్టి జ్వరాలు తగ్గినవి. వాపు పోలేదు. మొదటి సీసాను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇదేనారా?" అన్నది.

"ఇదే అక్కా."

"ఇంతేనా!" అన్నది.

మర్నాడు మూడు సీసాలనూ సబ్బునీళ్ళతో నింపి, దోమలు చచ్చిన తరవాత ఎండిన నేలమీద పారబోశాము. మావాడు మూడోదాన్ని ఇంకొక్కరోజు ఉంచుదామని బతిమాలాడు గాని, వాళ్ళ నానమ్మ ఒప్పుకోలేదు.