సర్దుకుపోవాల్సింది ఎవరు?

'సర్దుకుపోవాలమ్మా' అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరైనా ఉన్నారా? సాఫ్ట్‌వేర్ పనిలోనూ ఈ మాట ఉంది. అక్కడ బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. కొత్తది ఎంత మారినా, పాతదాన్ని నమ్ముకున్నవాళ్ల పని ఆగకూడదని దానర్థం.

సుబేదారిలో ఉంటూ, ఉద్యోగం, వంట అయ్యాక మిగిలిన వేళల్లో, తెలుగు అక్షరాలు లెక్కపెట్టే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని చూసుకుంటున్నాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. జీతం లేదు. ఇంటి చాకిరీలాగే, సరిగ్గా నడిచినంత కాలం ఎవరికీ కనిపించదు.

'తెలుగు' అన్న మాటనే చూడండి. మన కంటికి 3 అక్షరాలు. యూనికోడ్‌లో హల్లుకీ, గుణింతపు గుర్తుకీ వేరువేరు సంకేతాలు కాబట్టి 6. పైథాన్ 2 మామూలు పద్ధతిలో యూటీఎఫ్-8 బైట్లను లెక్కపెట్టి 18 అనేది! ఇంగ్లీషుకి ఈ బాధ లేదు, అక్కడ ఒక అక్షరం ఒక బైటే. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 రాతనంతా యూనికోడ్‌గా తీసుకుంది. మన లెక్క 6కి దిగింది. కానీ పాత ప్రోగ్రాములెన్నో దానిలో నడవలేదు. 2015లో ఆపేద్దామనుకున్న పైథాన్ 2ని 2020 జనవరి 1 దాకా పొడిగించాల్సి వచ్చింది. పాతదే బాగుంది కదా అన్నారు చాలామంది. ఎవరికి బాగుంది?

అలాగని మార్పు పక్షాన నిలబడటం నాకంత తేలిక కాలేదు. నా లైబ్రరీ 6 అని చెబుతుంది. పిల్లల వాచకాల మీద పనిచేస్తున్న ఒక పరిశోధకురాలు 3 అని చెప్పాలని అడిగింది. న్యాయమే. కానీ ఆ 6నే ఆధారం చేసుకుని పదసూచిక కట్టుకున్న ఇంకొకావిడ ఉంది. మార్చేస్తే ఆమె నెలల శ్రమ తారుమారవుతుంది. ఇద్దరూ మనవాళ్లే.

పాత పేరుకి పాత జవాబే ఉంచాను. 3 చెప్పేదానికి కొత్త పేరు పెట్టాను. ఇద్దరి పనీ సాగుతోంది, రెండింటి మరమ్మతూ నా మీద పడింది. మా వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది. పాత చిరునామాతో వచ్చిన ఉత్తరం నాకు అందిందంటే, రెండు పేర్లూ గుర్తుపెట్టుకున్న మనిషి ఒకరున్నారన్నమాట. సర్దుబాటు వెనక ఎప్పుడూ ఒకరి శ్రమ ఉంటుంది.

అందుకే గడువు పెట్టాను. రెండేళ్ల తర్వాత పాతది తీసేస్తానని, 6 కావాల్సినవాళ్లు పైథాన్‌నే నేరుగా అడగొచ్చని, ఎలాగో వివరంగా రాసిపెట్టాను. ఇన్నేళ్లుగా మనల్ని సర్దుకుపొమ్మన్నవాళ్లెవరైనా ఎప్పటిదాకానో చెప్పారా?