ధరణికోటలో ఒక్క పళ్ళెము

ధరణికోట యనగానే మీలో పెక్కురకు శాతవాహనులును, ధాన్యకటకమును, చిన్ననాటి చరిత్ర పాఠమును జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము ముందుగా వేడి పెసరట్టు జ్ఞప్తికి వచ్చుచున్నది. నవ్వకుడు. ధాన్యకటకమను పేరులోనే ధాన్యమున్నది గదా! తిండిమాట చెప్పుట ఈ యూరికి తగని పని కాదు.

అమరావతికిని ధరణికోటకును నడుమ నెల్ల యెక్కడనో క్రొత్తవారికి తెలియదు. అమరేశ్వరుని గోపురమును వెనుక విడిచి పడమరగా నడచినచో మాటలలోనే యూరు మారిపోవును. పాత మట్టికోట గోడలు దిబ్బలై మిగిలినవి. 1962 మొదలు 1965 వఱకు పురావస్తుశాఖవారు త్రవ్వగా, ఇచ్చట నావలు వచ్చు కాలువయు, అవి నిలుచు రేవును బయల్పడినవి. రేవున్నచోట నలుదిక్కులవారును దిగుదురు. దిగినవారికి ఆకలి వేయును. కావున ఆ కాలమునను ఎవతెయో ఒకతె ఇచ్చట అట్లు పోసి యమ్మియుండునని మా వదిన వాదన. దీనికి శాసనాధార మేమియు లేదు.

నెల కొక ఆదివారము ఉదయమున మేము నలుగురము ఒక చిన్న ఫలహారపు హోటలులో కూడుదుము. నేనును, మా వదినయు, పొరుగింటి అక్కగారును అమరేశ్వర దర్శనము చేసికొని వత్తుము. నాలవయామె అంగన్వాడీలో పిల్లలకు చదువు చెప్పును. ఆమె హోటలువద్దనే మమ్ము కలిసికొనును. పైన రేకులు, లోపల నాలుగు బల్లలు, ముందు పెద్ద పెనము: హోటలన నంతియే. పెసరట్టు ఒకటి, ఇడ్లీ ఒక ప్లేటు, గారెలు ఒక ప్లేటు, మిరపకాయ బజ్జీలు ఒక ప్లేటు తెమ్మని చెప్పి, అన్నిటిని బల్ల నడుమ పెట్టించుకొందుము. ఎవరి మట్టుకు వారు ఒక్కొక ప్లేటు తెప్పించుకొన్నచో ఒక రుచితోనే కడుపు నిండిపోవును. ఇట్లైనచో నాలుగు రుచులును అందరికి దక్కును. మొదటి నెలలో హోటలతను, “నలుగురికీ ఇంతేనా అమ్మా?” అని కొంచెము చిన్నబోయెను. ఇప్పుడు మమ్ము చూడగనే తానే నాలుగు ఖాళీ ప్లేట్లు కూడ తెచ్చి పెట్టుచున్నాడు.

అతని పెసరట్టు సంగతి చెప్పక ముందుకు పోజాలను. పొట్టు తీయని పెసలు నానబోసి, పచ్చిమిర్చియు, అల్లమును చేర్చి రుబ్బించును. అట్టు అంచున కరకరలాడును, నడుమ మెత్తగా నుండును. పైన ఉల్లిముక్కలు, జీలకఱ్ఱ. అల్లపు పచ్చడిలో బెల్లము చేతికి తగినంత వేయును గాని, గుంటూరు మిరప తన మాట తాను చెప్పక మానదు. ఇడ్లీలోనికి కారప్పొడియు, దానిపై నేయియు. సాంబారు మాత్రము పలుచన. ఈ మాట అతనితోను అంటిని.

నేను మా నాయనగారియొద్ద మనుచరిత్రయు, ఆముక్తమాల్యదయు చదువుకొంటిని. విష్ణుచిత్తుడు ఋతువునకు తగిన వంటకములతో అతిథులకు పెట్టిన భోజనములు చదువుచు నోరూరించుకొన్న దానను. కాని అచ్చట నెవరి విస్తరి వారిదే. ఒకే పళ్ళెములో నలుగురు చేతులు పెట్టుట నా చదువులోను లేదు, మా పుట్టింటను లేదు. ఎంగిలి యన్నచో మా అమ్మ తన బిడ్డలది కూడ ముట్టదు. జబ్బులు వ్యాపించు దినములలో ఆ పట్టింపు మంచిదే యని నేనిప్పటికిని అందును.

మూడవ నెలలో గాని నేనొక సంగతి గమనింపలేదు. ప్లేట్లు బల్లపైకి రాగానే అంగన్వాడీ నేస్తురాలు చెంచాతో తన వంతు ముందుగా తీసి పెట్టుకొనును; పిమ్మట నడిమి పళ్ళెమువైపు చేయి చాపదు. “మీకు ఎంగిలి పట్టింపు గాబోలు!” అని నవ్వుచు అంటిని.

“నాకు కాదండీ, పంతులమ్మగారూ. మీకు ఉంటుందేమోనని,” అన్నది.

బల్లయొద్ద నెవరును మాటాడలేదు. కొంతసేపటికి ఆమెయే చెప్పినది: “మా అమ్మమ్మ కూలికి పోయే రోజుల్లో టీకొట్టు చూరుకి మావాళ్ళ గ్లాసు విడిగా ఉండేదట. తాగి, తనే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టాలి. ఆ కొట్టు ఇప్పుడు లేదులెండి.”

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణములోనే, హోటళ్ళలో నెవరికిని కులముచేత అడ్డు చెప్పరాదని వ్రాసినది. 1955లో అంటరానితనమును శిక్షించు చట్టమును వచ్చినది. ఆమె యమ్మమ్మ గ్లాసు కడిగినది వీనికి తరువాతనే. అయినను, “మీ రనుకొన్నది తప్పు” అని ఆమెతో వెంటనే అనలేకపోతిని. ఏలయన, ఇంటికి పోయినపుడెల్ల మా అత్తగారు “ఎవరెవరు కూర్చున్నారు?” అని అడుగుదురు. “నలుగురమండీ” అని లెక్క చెప్పి, పేరులు చెప్పక తప్పించుకొనుచుంటిని. మూడు నెలలును అట్లే చేసితిని.

ఏమి చేయవలెనో తోచక, పెసరట్టును చేతితోనే త్రుంచి తిని, మిగిలినది పళ్ళెములోనే విడిచితిని. ఆమె నా మొగము చూచి, రెండవవైపున త్రుంచుకొనెను. ఇద్దరకును కన్నులు చెమర్చినవి. అల్లపు పచ్చడిచేత నని మా వదినతో చెప్పితిని.

2022లో మా యూరు క్రొత్తగా నేర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. జిల్లా మారిన లాభ మేమని అడుగువారికి నేను చాపకూడు పేరు చెప్పుదును. పండ్రెండవ శతాబ్దిలో మాచర్ల బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే పంక్తిని చాపలపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని పల్నాటివారు నేటికిని చెప్పుకొందురు. మాలవాడైన కన్నమదాసును ఆయన కొడుకుగా పెంచుకొని సేనాపతిని చేసెను. అంతకు వెయ్యేండ్లకు పూర్వము మా యమరావతి స్తూపమునకు పూర్ణఘటము చెక్కిన పలకను దానమిచ్చినవాడు విధికుడను చర్మకారుడు. తల్లితోను, భార్యతోను, బిడ్డలతోను కూడి యిచ్చెనని శాసనములో నున్నది. ఆ పూర్ణఘటమే నేడు ఆంధ్ర రాష్ట్ర చిహ్నమందు వెలయుచున్నది. ఈ సంగతులు నాకు ముందే తెలియును. తెలిసియు మూడు నెలలు పేరు దాచితిని.

నాలవ నెలలో అత్తగారు అడుగకమునుపే పేరు చెప్పితిని. వారు రెండు దినములు నాతో సరిగా మాటాడలేదు. మూడవనాడు, “మీ వాళ్ళని హోటలుకి తిప్పడ మెందుకు? ఇంటికే రమ్మను,” అనిరి. కోపముతో ననిరో, మనసుతో ననిరో నాకు తెలియలేదు. రమ్మంటిని.

వసారాలో చాప పరచితిని. నలుగురమును కూర్చుంటిమి. అత్తగారు వంటయింటినుండి బయటికి రాలేదు. గారెలు మాత్రము వాయి వెంబడి వాయి, నాలుగు వేరు పళ్ళెములలో వచ్చుచుండెను. మా నేస్తురాలు నాలుగింటిని ఒక పెద్ద పళ్ళెములోనికి వంచి నడుమ పెట్టెను.