పచ్చి చేపల ముచ్చట

నాందేడు తెలుగువాళ్ళకు చేప అంటే గోదావరి చేపే. సముద్రం చూడాలంటే ముంబయి రైలెక్కి రాత్రంతా కూర్చోవాలి. 1956 దాకా మా జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. తర్వాత బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960 నుంచి మహారాష్ట్ర అయింది. ఆఫీసు భాష మారింది, బడి భాష మారింది గాని చింతపండు పోసి కాచే చేపల పులుసు మారలేదు. పులుసులో పడని చేప చేపే కాదని మా అత్తమ్మ నమ్మకం.

అలాంటి ఇంట్లో "పోకే" అన్న మాట వినబడింది. అమెరికాలో మూడేళ్ళుండి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది మా అమ్మాయి. ఏడో నెల. "అమ్మా, పచ్చళ్ళూ పిండివంటలూ ఏమొద్దు. ఒక్కసారి పోకే తినాలనుంది" అంది. అదేమిటే అంటే, పచ్చి చేప ముక్కల కలగలుపు అని చెప్పింది. అత్తమ్మ చేతిలో ఉన్న చాట పక్కన పెట్టి, "పచ్చిదా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

పోకే హవాయి దీవుల తిండి. ఆ భాషలో ఆ మాటకు అడ్డంగా ముక్కలు కోయడమని అర్థం. అక్కడి బెస్తలు పట్టిన చేపను అప్పటికప్పుడు కోసి, సముద్రపు ఉప్పు, సముద్రపు నాచు, వేయించి దంచిన కుకుయి గింజల పొడి కలిపి తినేవారు. 1885 నుంచి చెరకు తోటల్లో పనికి జపాను కూలీలు ఒప్పందాల మీద పెద్ద ఎత్తున వచ్చారు. వాళ్ళ వెంట సోయా సాసు వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా టూనా చేపతో, సోయా సాసుతో, నువ్వుల నూనెతో చేస్తారు. రుచి మారింది, పేరు మాత్రం అదే నిలిచింది. వలసవచ్చిన వాళ్ళ చెయ్యి పడ్డ వంట అన్నమాట. జొన్నరొట్టెతో చేపల పులుసు తినే మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు.

"కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే కాదనొద్దు బిడ్డా" అంది అత్తమ్మ. పచ్చిదంటే ఆమెకు రోత. అయినా మనుమరాలి పక్షమే.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినదాన్ని. అప్పు దరఖాస్తు చేతికొస్తే, నష్టం వస్తే మోసేదెవరని చూడడం అలవాటు. ఇక్కడ మోసేది అడిగిన మనిషి ఒక్కతే కాదు, అడగలేని ప్రాణం ఇంకొకటి లోపల ఉంది. మంచినీటి చేపల్లో పురుగులుంటాయి. ఈశాన్య థాయిలాండులో పచ్చి నది చేపలు తినే అలవాటు వల్ల కాలేయపు పురుగులు పట్టి, పిత్తనాళాల క్యాన్సరు దాకా వెళ్ళినవాళ్ళు ఎందరో. నిమ్మరసం పిండితే ముక్క తెల్లబడుతుంది, ఉడికినట్టు కనిపిస్తుంది, కాని పురుగు చావదు. సున్నాకు ఇరవై డిగ్రీల కింద ఏడు రోజులు గడ్డకట్టిస్తే పురుగులు చస్తాయి, సూక్ష్మజీవులు మాత్రం చావవు. వాటిలో లిస్టీరియా అనేది తల్లికి జ్వరంతో పోయినా బిడ్డ ప్రాణం తీయగలదు. అందుకే గర్భిణులను పచ్చి చేప ముట్టవద్దంటారు.

ఈ మాటలన్నీ చెప్పి, "పచ్చిది పెట్టను" అన్నాను. పిల్ల ఆ పూట నాతో మాట్లాడలేదు.

మర్నాడు ఆదివారం. చేపల బజారుకు పోయాను. "తాజీ ఆహే, తాయీ" అంటూ భోయి ఆవిడ కొర్రమీను పైకెత్తి చూపింది. ముళ్ళు తక్కువని అదే తీసుకున్నాను. తోలు తీయించి, వేలి గణుపంత ముక్కలు కోసి, ఇడ్లీ పాత్రలో పది నిమిషాలు ఆవిరి మీద పూర్తిగా ఉడికించి చల్లార్చాను. సోయా సాసు ఒక చెంచా, నువ్వుల నూనె ఒక చెంచా, వేయించిన నువ్వులు, సన్నగా తరిగిన కీరా, ఉల్లికాడలు. కుకుయి గింజలకు బదులు మన అవిసె గింజల పొడి. సముద్రపు నాచు లేదు కనుక వేడినీళ్ళలో ముంచి తీసిన చుక్కకూర. ముక్క చితకకుండా చేత్తో కలిపి వేడి అన్నం మీద వేసి ఇచ్చాను.

"ఇది పోకే కాదమ్మా" అంది అమ్మాయి. రెండు ముద్దలు తిన్నాక, "కాదు గాని ఇంకొంచెం వెయ్యి" అంది. అత్తమ్మ వేలితో రుచి చూసి, "పులుపు చాలలేదు" అని తీర్పిచ్చింది.

కోరిక తీర్చడమంటే అడిగినది అడిగినట్టు చేతిలో పెట్టడమని మనవాళ్ళ లెక్క. అడిగినదాంట్లో ఎంత ఇవ్వగలమో చూసి, అంతవరకు మనసు పెట్టి ఇవ్వడమూ తీర్చడమేనని నా లెక్క. కాన్పయి, బిడ్డ పాలు మరిచాక, మంచి చేప మంచుపెట్టెలో సరిగ్గా నిలవచేసి అమ్మే ఊళ్ళో అది పచ్చిదే తింటుంది, నేను అడ్డుపడను. ఈ మూడు నెలలు మాత్రం కొర్రమీను ఉడకవలసిందే.