పానీలో పకడ్ ఉండే చెప్పులు

మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పులు కొనేటప్పుడు చూసేది ఒక్కటే. మస్జిద్ దర్వాజా దగ్గర చటుక్కున విప్పాలి, నమాజ్ కాగానే చటుక్కున తొడుక్కోవాలి. మా అబ్బా ఉమ్రంతా హవాయి చెప్పులే వేశారు. రోడ్డు పొడిగా ఉన్నంతకాలం అందులో ఖరాబీ ఏమీ లేదు. బారిష్ వస్తేనే ఆ ఆసానీ ఖతర్‌గా మారుతుంది.

2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు ఇంకా యాదే. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ గల్లీలు నీళ్లలో మునిగాయి. వార్త కోసం వెళ్లి, ఆ నీళ్లలో నడిచేవాళ్ల కాళ్లనే చూస్తూ నిలబడ్డాను. హవాయి చెప్పు మడమను పట్టుకోదు. అడుగెత్తగానే కీచడ్ దాన్ని కిందికి గుంజుతుంది, ఊడిందంటే నీళ్ల మీద తేలిపోతుంది. దాని కోసం వంగిన మనిషి తూలిపడతాడు. పోనీ, నంగే పావ్ నడుద్దామంటే గాజుపెంకులు, మేకులు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు గాయానికి తగిలితే లెప్టోస్పైరోసిస్ భయం.

పహాడీ వాగులో నీళ్లు తేటగా ఉంటే కింద రాయైనా కనబడుతుంది. మన గల్లీలో మ్యాన్‌హోల్ మీద మూత ఉందో లేదో కూడా కనబడదు.

అబ్బా ఎల్బీనగర్‌లో మా దగ్గరే ఉంటారు. తర్వాతి వానాకాలానికి ముందు ఆయన్ని దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు తీసుకెళ్లాను. దుకాణ్‌దార్ గంబూట్లు చూపించాడు. వద్దన్నాను. నీళ్లు పైఅంచు దాటితే బూటు నిండి కాలు ఎత్తలేం. మడమ వెనక పట్టీ ఉన్న శాండిల్ చూపిస్తే అబ్బా ముఖం చిట్లించారు.

"బేటా, నేను బకిల్ పెట్టుకునేలోపు జమాత్ అయిపోతుంది."

జాయజ్ మాటే. అందుకే బకిల్ వదిలేసి వెల్‌క్రో పట్టీ ఉన్నది తీసుకున్నాం. ఒక్క గుంజుతో ఊడుతుంది, నీళ్లలో మాత్రం కాలిని వదలదు.

సోల్‌ను గోరుతో నొక్కి చూడండి, కాస్త దిగాలి. గట్టి ప్లాస్టిక్ తడి బండ మీద సబ్బులా జారుతుంది. కింద గాడులు లోతుగా, అంచుదాకా ఉండాలి. కాలు మోపినప్పుడు నీళ్లు ఆ దారిన బయటికి పోతేనే రబ్బరు నేలను పట్టుకుంటుంది. గాడులు అరిగి నున్నబడితే చెప్పు ఎంత మజ్బూత్‌గా కనబడినా మార్చేయాలి. వజూఖానా టైల్స్ మీద జారి తుంటి విరగ్గొట్టుకునే బుజుర్గులకూ ఇదే హిసాబ్.

అయితే ఎంత మంచి చెప్పయినా జోరుగా పారే నీళ్లలోకి దిగడానికి ఇజాజత్ కాదు. జోరు వానలో ఇళ్లలోనే నమాజ్ చదువుకోమని అజాన్‌లోనే పలికించిన రివాయత్ బుఖారీలో ఉంది. అబ్బాకు చెప్పులతోపాటు ఆ మాట కూడా గుర్తుచేశాను.